ప్రాగ్‌లో మా దుకాణం గోడ చప్పుడు

దయ్యాల మాట నా దగ్గర ఎత్తితే నాకు చిరాకు. దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టమని మా ఆవిడ లక్ష్మి ఎన్నిసార్లు పోరినా కట్టలేదు. ఇప్పటికీ కట్టను. నేను చెప్పేది విని ఎవరైనా ముందుగా అనే మాట "హీటర్ పైపుల చప్పుడు అయ్యుంటది" అని. ఆ మాట విని విని విసిగిపోయాను. కనీసం మీరైనా మొత్తం చదివి ఆ మాట అనండి.

మాది పోచంపల్లి పక్క ఊరు. మా నాన్న మగ్గం నేశాడు. నేను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ప్యాంటు, షర్టు గుడ్డల దుకాణం పెట్టాను. పక్కన చీరల దుకాణం రావుసాబ్‌ది. తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి. రెండు దుకాణాలకూ నడుమ ఒకటే గోడ. నాకు టీ వస్తే ఒక గ్లాసు ఆయనకు పోయేది. మా బిడ్డ పెళ్లిలో వడ్డన దగ్గర నడుం వంచింది ఆయనే. నాకు సొంత అన్నదమ్ములున్నారు, కానీ ఏ కష్టం వచ్చినా ముందు చెప్పుకునేది ఆయనకే.

తెలంగాణ ఉద్యమం ముదిరాక వారానికో బంద్. బంద్ రోజు మేము షట్టర్ సగం దించి లోపల కూర్చునేవాళ్లం. తెలిసిన గిరాకీ వంగి లోపలికి వచ్చేది. కుర్రాళ్ల ఊరేగింపు ఎల్బీ నగర్ వైపు నుంచి వస్తే రావుసాబ్‌కు ముందు కనిపించేది, మలక్‌పేట వైపు నుంచి వస్తే నాకు. ఎవరికి కనిపిస్తే వాళ్లు గుడ్డ కొలిచే ఇనుప కడ్డీతో నడిమి గోడ మీద కొట్టాలి. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఇంకొకటి. ఆ చప్పుడు వింటే రెండో వాడు షట్టర్ పూర్తిగా దించేయాలి. నేను తెలంగాణ కావాలన్నవాణ్ణే, సాయంత్రం ధర్నాలో కూర్చున్నవాణ్ణే. అయినా పొద్దున షట్టర్ దించక తప్పేది కాదు. నా బాధ ఎవరికి చెప్పుకోను.

ఆ ఏడాది దసరాకు మేమిద్దరం కుటుంబాలతో ప్రాగ్, వియన్నా చూసి రావాలని టూర్ బుక్ చేశాం. ప్రయాణం డిసెంబరు ఆఖర్లో. ఆ నెల నడిమి నుంచి శూన్యమాసం, పెళ్లిళ్లుండవు, గుడ్డల దుకాణాల్లో ఈగలు తోలుకోవడమే. పాత కోటలు, వంతెనలు చూడాలని రావుసాబ్‌కు చిన్నప్పటి నుంచీ పిచ్చి. నన్ను లాగింది ఆయనే.

ఇంతలో తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. నేను బజారంతా మిఠాయి పంచాను. రావుసాబ్ చేతిలో పెడితే ఆయన తినలేదు. "ఇన్నేళ్లున్నా చివరికి మేం పరాయివాళ్లమే కదండీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మిమ్మల్ని ఎవరు పొమ్మన్నరు రావుసాబ్? నేనెప్పుడన్న అన్ననా?" అన్నాను. మాటకు మాట పెరిగింది. ఆ రోజు నుంచి టీ గ్లాసు ఆగిపోయింది, గోడ మీద చప్పుడూ ఆగిపోయింది.

టికెట్లు వెనక్కి తీసుకోం అని టూర్ వాళ్లు అన్నారు. అట్లా, మొహాలు చూసుకోని ఇద్దరం మొగవాళ్లం, పొద్దస్తమానం కబుర్లు చెప్పుకునే ఇద్దరు ఆడవాళ్లు కలిసి విమానం ఎక్కాం. నలుగురికీ పక్కపక్క సీట్లే ఇచ్చారు. అదో నరకం.

ప్రాగ్ బాగుంటుందని అందరూ అంటారు. బాగుండే ఉంటుంది. నాకు మాత్రం చలి, ఉప్పూ కారం లేని తిండి, ముందు నడుస్తున్న రావుసాబ్ వీపు తప్ప ఏమీ గుర్తులేదు. ఆయన ఎర్ర మంకీ క్యాప్ పెట్టుకుని ప్రతి బురుజునూ తల పైకెత్తి చూసేవారు. చూసిన సంగతి ఎవరికైనా చెప్పాలని ఆయనకు ఉండేది. నావైపు తిరగబోయి మళ్లీ ఆగిపోయేవారు. "ఏంది గీ మొండితనం? పోయి మాట్లాడరాదు" అని లక్ష్మి పోరేది. నేనెందుకు మాట్లాడాలి?

నది మీద రెండు పక్కలా రాతి బొమ్మలున్న పాత వంతెన మీద ఉండగా మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఇచ్చింది మళ్ల వెనక్కి తీసుకున్నరు" అన్నాడు. చూస్తే అవతలి పిట్టగోడ దగ్గర రావుసాబ్ కూడా ఫోన్‌లో ఉన్నారు. ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వితే అక్కడే తేల్చుకుందామనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని నది వైపు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు క్రిస్మస్ ముందు రోజు. మధ్యాహ్నానికే ఊళ్లో దుకాణాలన్నీ మూసేశారు. హైదరాబాదులో బంద్ తప్పించుకుని వస్తే ఇక్కడా బందేనా అని విసుగొచ్చింది. ఆడవాళ్లు గైడ్‌తో చర్చి చూడటానికి పోయారు. నేను రానని గదిలోనే ఉండిపోయాను. రావుసాబ్ కూడా పోలేదని నాకు తెలియదు.

మా హోటల్ పాతకాలపు రాతి కట్టడం. నా గది మూడో అంతస్తులో, వరండా చివర ఉంది. రావుసాబ్ భార్య శారదక్కకు మోకాళ్ల నొప్పులని వాళ్లకు అన్నిటికన్నా కింది అంతస్తులో, వెనక పెరటివైపు గది ఇచ్చారు. నేను మంచం మీద పడుకుని ఉన్నాను కానీ నిద్రపోలేదు. టీవీలో మన దేశం వార్తలేమైనా వస్తాయేమోనని చూస్తున్నాను.

తల దగ్గర గోడ మీద చప్పుడైంది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి.

నేను టీవీ ఆపేశాను. మళ్లీ వచ్చింది. సున్నపు గోడ మీద ఇనుప కడ్డీ పడితే వచ్చే చప్పుడు అది, చివర సన్నగా మోగుతుంది. వారం వారం విన్న చప్పుడు, నేను పొరపాటు పడే ప్రశ్నే లేదు. నాకు ముందు భయం వేయలేదు, కోపమొచ్చింది. ఇన్నాళ్లూ మూతి ముడుచుకుని ఇప్పుడు పక్క గదిలో చేరి ఆటలా అనుకున్నాను. లేచి తలుపు తీసి వరండాలోకి పోయాను. పోయాక గుర్తొచ్చింది, ఆ పక్కన గది లేదు. నాదే చివరి గది. ఆ గోడ అవతల ఉన్నదంతా ఆకాశమే.

లోపలికి వచ్చాను. మూడోసారి వచ్చింది. ఈసారి గోడకు అరచెయ్యి ఆనించే ఉన్నాను, దెబ్బ చేతికి తెలిసింది.

హీటర్ పైపు ఎదుటి గోడకు ఉంది. దానిమీద కూడా చెయ్యి పెట్టి చూశాను. అందులో ఏమీ కదలడం లేదు. బయట ఎవడో కొడుతున్నాడని కిటికీ తీయబోతే చెక్క బిగుసుకుపోయి రాలేదు. తిట్టుకుంటూ భుజంతో తోసి తీశాను. గోడ మీద మనిషీ లేడు, నిచ్చెనా లేదు, కనీసం గొట్టం కూడా లేదు. కింద పెరట్లో మంచు మీద ఎర్ర మంకీ క్యాప్ కనిపించింది. పక్కనే రావుసాబ్ పడి ఉన్నారు.

మెట్లు ఎట్లా దిగానో తెలియదు. హోటల్లో ఉన్న ఒక్క మనిషిని చెయ్యి పట్టి గుంజుకుపోయాను. పెరట్లోకి ఎవరూ రారట, తలుపుకు మంచు అడ్డం పడింది. ఇద్దరం తన్ని తెరిచాం. రావుసాబ్ పెదవులు నీలంగా ఉన్నాయి. కుడి చెయ్యి మణికట్టు విరిగి ఒంటి కింద ఇరుక్కుంది, తుంటి కదలడం లేదు. నన్ను చూసి మెల్లగా అన్నారు, "ఏంటండీ, పిలిచి మీరు రావడానికి ఇంతసేపా?"

"నేనెక్కడ పిలిచిన రావుసాబ్?"

"గోడ మీద కొట్టారుగా."

ఆయన నాకు తర్వాత దవాఖానాలో చెప్పింది ఇది. గదిలో ఉండగా పెరటివైపు గోడ మీద మా చప్పుడే వినిపించిందట. నేనే బయట నిలబడి, రాజీకి వచ్చి కొడుతున్నానని అనుకున్నారట. సంతోషం పట్టలేక స్వెటర్ కూడా వేసుకోకుండా, ఆ టోపీ ఒక్కటి తగిలించుకుని ముందు తలుపు నుంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చారట. అక్కడ ఎవరూ లేరు. వెనక్కి తిరగబోయి జారి పడ్డారు. అరవడానికి గొంతు రాలేదట. పడ్డాక మీరు గోడ మీద ఏమన్నా కొట్టారా అని అడిగాను. విరిగిన చెయ్యి చూపించి, "దీంతోనా?" అన్నారు. కొట్టినా మూడో అంతస్తుకు ఎట్లా వినిపిస్తుంది? నా గది గోడ మూరెడు మందం.

ఇంకాసేపు ఆ చలిలో ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టర్ అన్నాడు. ఆ మాట విని శారదక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నన్ను పిలిచి ఆయన్ను కాపాడింది ఏదైతే ఉందో, ఆయన్ను పెరట్లోకి పిలిచి పడేసింది కూడా అదే కదా. దానికి దండం పెట్టాలా, దాన్ని తిట్టాలా? వియన్నా చూడకుండానే తిరిగొచ్చాం.

రావుసాబ్ ఇప్పుడు కొంచెం కుంటుతారు. తెలంగాణ వచ్చింది, ఆయన దుకాణం ఎక్కడికీ పోలేదు. రాష్ట్రం గురించి మేమిప్పుడు వాదించుకున్నా టీ చల్లారేలోపు అయిపోతుంది. ఈ చప్పుడు సంగతే ఎన్నేళ్లయినా తెగడం లేదు. "ముందు కొట్టింది మీరే" అంటారాయన. "నేను కొట్టలే, మీరే కొట్టిండ్రు" అంటాను నేను.

మొన్న విసుగు పుట్టి గట్టిగానే అడిగాను. "రావుసాబ్, మీరు కొట్టలే, నేను కొట్టలే. ఇంకేదో ఉందని ఒప్పుకుంటే మీదేం పోతది?"

ఆయన చేతిలో చీర మడత పెట్టడం ఆపేశారు. "మీరు కొట్టలేదంటే, ఆ రోజు మీరు నన్ను పిలవలేదనే కదండీ మల్లేశం గారూ. చచ్చినా ఒప్పుకోను" అన్నారు.

ఆయనే కొట్టారని నేను ఇన్నేళ్లూ మొండికేస్తున్నదీ అందుకే. ఆ గోడ కొట్టింది ఎవరో నాకు తెలియదు. ఎవరు అడిగినా మాత్రం రావుసాబే కొట్టారని చెబుతాను.