మా బావ మేసిన వరి

నరసన్నపేట దగ్గర మా అక్కావాళ్ల వరికి ఆకుముడత పట్టింది. పురుగు ఆకును మడతపెట్టుకుని, లోపల దర్జాగా కూర్చుని పచ్చదనం గీకి తింటుంది. మందు కొట్టడానికి అక్క ఒప్పుకోలేదు. కిందటి పంటకు మందు కొట్టొచ్చి బావ దగ్గిన దగ్గుకు ఒడిశా సరిహద్దు దాకా కుక్కలు మొరిగాయి. ఈసారి స్ప్రేయరు బయటికి తీస్తే పుట్టింటికి పోతానంది. పుట్టిల్లంటే మా ఇల్లే. కాబట్టి ఆ చేను బతకడం బావకన్నా నాకే ఎక్కువ అవసరమైంది.

వ్యవసాయ కాలేజీలో చదివే మేనకోడలికి ఫోను చేశాం. పురుగు కొరకగానే వరిలో ఒక ఎంజైము పనిలోకి దిగుతుందట. పేరు సెస్క్విటెర్పీన్ సింథేజ్. పలాసలో బండెక్కి ఆ పేరు పలకడం మొదలుపెడితే విజయనగరంలో దిగేసరికి పూర్తవుతుంది. అది ఘాటైన వాసనలు వండి గాలిలోకి వదులుతుందట. ఆ వాసనకు కందిరీగల జాతివి కొన్ని వచ్చి పురుగులో గుడ్లు పెడతాయట. దాంతో పురుగు పని సరి. ఆకు ఊరికే చిరిగితే చాలదు, పురుగు ఎంగిలి తగిలితేనే మొక్కకు గట్టిగా తెలుస్తుందని కూడా చెప్పింది. ఆ చివరి ముక్క చెప్పకుండా ఉండాల్సింది.

మా వైపు ఆకుముడతలు విడిపోవడానికి చేను మీద రేగుకంప ఈడుస్తారు. మర్నాడు పొద్దున్నే బావ ఈడ్చాడు. ఆకులు చిరిగాయి, ఇక ఎంగిలే తక్కువనుకున్నాడు. నేను వెళ్లేసరికి చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి, వరస తప్పకుండా ఆకులు కొరుకుతున్నాడు.

ఇదేమిటని అడిగాను.

"పురుగెంత, దాని ఎంగిలెంత? నాదైతే సెంబుడుంటాది. నువ్వూ దిగరా, పళ్లున్నాయి కదా" అన్నాడు.

దిగాను. గద్దలంత కందిరీగలు వస్తాయని ఇద్దరం తలకు దుప్పట్లు చుట్టుకున్నాం. వరి ఆకు అంచు రంపమే. నా నాలుక మీద పడిన గీతలతో శ్రీకాకుళం జిల్లా పటం గీయొచ్చు. గట్టు మీది గేదె మమ్మల్ని చూసి మేత మానేసింది. మధ్యాహ్నం దాకా మేసినా ఒక్క కందిరీగ రాలేదు. బావ చూపు స్ప్రేయరున్న పాక వైపు తిరిగింది. నేను అక్కకు ఏ గది ఇవ్వాలో ఆలోచించసాగాను.

ఆ వారాంతంలో మేనకోడలు వచ్చి ఒక ఆకుమడత విప్పింది. లోపల పురుగు చచ్చి వడలిపోయి ఉంది, పక్కనే కందిరీగ పిల్లలు అల్లుకున్న తెల్లటి బుల్లి గూళ్లు. చాలా మడతల్లో అదే కథ. ఆ కందిరీగలు నువ్వుగింజకన్నా చిన్నవట, దుప్పట్లోంచి మాకేం కనబడతాయి? అవి వచ్చింది పురుగు కొరికిన వాసనకే గాని, మనిషి ఎంగిలికి వరి పలకదని కూడా తేల్చింది. బావ ఆ ముక్క వినలేదు. మీసం దువ్వుకుంటూ, వచ్చే పంటకు ఊరందరి చేలూ తానే కొరికిపెడతానన్నాడు.

అక్క చేనంతా ఒకసారి చూసింది.

"సేను బతికింది, సాలు. మందు జోలికెల్లకు" అంది బావతో. "రేపట్నుంచి మాత్రం ఇంట్లో సద్దన్నం తినే పొలానికెల్లు."