మీటలో వణుకు

ఇంజనీరమ్మకి లెక్కలంటే ప్రాణం. రియాక్టరులో ఇంధనపు కడ్డీలు మార్చే రోబో చెయ్యి ఎంత కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పే లెక్కలు ఆవిడవే. మందపాటి గాజుకి ఇవతల కూర్చుని, మీట పట్టి ఆ చేతిని నడిపేవాడు పెద్దాయన. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. ఆవిడ ఆయన్ని బాబాయ్ అని పిలిచేది, మధ్యాహ్నం ఆయన డబ్బాలో సగం లాగించేది కూడా.

ఆ మీట ఎప్పుడూ సన్నగా వణికేది. ఆ వణుకు ఆవిడకి కంట్లో నలుసు. మూడు నెలలు కుస్తీ పట్టి, కొత్త లెక్కతో దాన్ని తీసి పారేసింది. పైవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు.

పెద్దాయన మాత్రం మీట పట్టుకుని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మాయ్, ఇది మూగబోయిందే! కడ్డీ ఎక్కడైనా పట్టేస్తే ఆ వణుకు మారేది, నా చేతికి తెలిసిపోయేది. ఇప్పుడేం తెలియట్లేదు."

"కొత్త చెప్పులు కరవవూ బాబాయ్? నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది" అని నవ్వేసింది. చదువుకున్న పొగరు, ఇంకేముంది! ఆయన మాట ఒక్క ముక్క ఎక్కడా రాసిపెట్టలేదు.

పదకొండో రోజున ఓ కడ్డీ గాడిలో ఇరుక్కుంది. చేతికి తెలియక ఆయన లాగాడు. కడ్డీ వంగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, రియాక్టరు ఆరు వారాలు ఆగిపోయింది.

విచారణలో ఒక్కొక్కర్నీ విడిగా పిలిచారు. "మీటలో చేసిన మార్పు గురించి ఆపరేటరు మీకేమైనా చెప్పాడా?" అని ఆవిడని అడిగారు. మాట గొంతుదాకా వచ్చింది. ప్రమోషన్ కాగితాలు సంతకానికి వెళ్లి ఉన్నాయి మరి.

"లేదండీ" అంది.

ఆపరేటరు ఏమరుపాటు అని రాశారు. పెద్దాయన్ని స్టోర్సులో పడేశారు. డబ్బాలకి చీటీలు అంటిస్తూనే ఆయన రిటైరయ్యాడు. క్యాంటీన్లో ఆయన కనిపిస్తే ఆవిడ తలుపు దగ్గర్నుంచే వెనక్కి తిరిగేది.

తొమ్మిదేళ్లకి ధైర్యం చేసి ఆయన ఇంటికెళ్లింది. ఆయన వరండాలో మనవరాలి సైకిలు చైను సరిచేస్తున్నాడు. ఉన్నదంతా ఏడుస్తూ కక్కేసింది.

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ముందు నన్నే అడిగారమ్మాయ్, ఎవరికైనా చెప్పావా అని. ఎవరికీ చెప్పలేదన్నాను."

"అదేంటి బాబాయ్! ఎందుకలా అన్నావ్?"

"నేను చెబితే నిన్ను పట్టించినట్టవుతుంది. నువ్వే చెబుతావు కదా అని."