మరాఠీ బాలింత పథ్యం

కొవ్వూరు దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో ఒడ్డు పొడవునా పాకలు లేచాయి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి వాటిలో దిగారు. ఊళ్ళో మంత్రసాని సూరమ్మకు అటువైపు వెళ్ళే పని పడలేదు. ఒక మధ్యాహ్నం సఖారాం అనే మరాఠీ రాతి మేస్త్రీ ఆవిడ గుమ్మం ముందుకు వచ్చాడు. తెలుగు రాక, చేత్తో పొట్ట చూపించి దండం పెట్టాడు. సూరమ్మ ఆముదం బుడ్డి, గుడ్డలు మూటగట్టుకుని అతని వెంట నడిచింది.

పాకలో అతని భార్య గోదాబాయి నొప్పులు పడుతోంది. తొలికానుపు. "ముక్కమ్మా, ముక్కు" అంటే ఆ పిల్లకు అర్థం కాలేదు. ఆ పిల్ల "ఆయీ, ఆయీ" అని అరుస్తుంటే మాత్రం సూరమ్మకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆ నొప్పిలో ఏ ఆడదైనా పిలిచేది అమ్మనే. సూరమ్మ తానే ముక్కి చూపించింది. పొద్దు వాలేలోపు ఆడపిల్ల పుట్టింది.

పేచీ మర్నాడు వచ్చింది. సూరమ్మ పాత బియ్యపన్నం, వెల్లుల్లి కారం పట్టుకెళ్ళేసరికి గోదాబాయి రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉండలు తింటోంది. తుమ్మబంక, ఎండుకొబ్బరి, వేళ్ళ సందుల్లోంచి కారేంత నెయ్యి. పచ్చి బాలింతకు నెయ్యి పడదని సూరమ్మ నమ్మకం. డబ్బా లాక్కుని చూరులో దోపేసింది. గోదాబాయి కారపన్నం ఒక్క ముద్ద నోట పెట్టుకుని ఉమ్మేసి ఏడ్చింది. ఆపైన ఏమీ ముట్టలేదు. పాలు పడలేదు. పసిగుడ్డు ఆకలికి గుక్కపట్టింది.

సూరమ్మకు భయం వేసింది. ఊరి బయట తమ పల్లెవాడే, వంతెన దగ్గర గుమాస్తా జీవరాజుకు హిందూస్థానీ వచ్చు. వెళ్ళి అతన్ని పిలుచుకొచ్చింది. అతను సఖారాంతో మాట్లాడాడు.

"ఆ ఉండలు ఆ పిల్ల వాళ్ళమ్మ చేసిచ్చిందంట అత్తా. వాళ్ళ దేశంలో బాలింతకి అదే పథ్యమంట."

"అది తిని బతుకుతారా?"

"ఆ అమ్మ ప్రతి కానుపుకీ అదే తిందంట. పిల్లలంతా బాగానే ఉన్నారంట."

కూతురు తనకు అందనంత దూరంలో నీళ్ళాడుతుందని తెలిసి, ఎక్కడో ఒక తల్లి కూర్చుని ఆ ఉండలు చుట్టింది. ఆ తల్లి చేతిలోంచే తాను డబ్బా లాక్కున్నట్టు సూరమ్మకు అనిపించింది. చూరులోంచి డబ్బా దింపి, ఉండ చిదిపి గోదాబాయి నోట్లో పెట్టింది. "తినమ్మా, తిను. నాకు తెలీదు" అంది. గోదాబాయి ఏడుస్తూనే తింది. ఆ తర్వాత పాలు పడ్డాయి.

బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజున సూరమ్మను కూడా పిలిచారు. ఆవిడ అలవాటు చొప్పున బయటే నిలబడింది. పెద్దిళ్ళలో కానుపు అయ్యాక ఆవిడను పెరట్లో నిలబెట్టి, పాత చీర దూరం నుంచి విసిరేవారు. గోదాబాయి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మేం పల్లెవాళ్ళమమ్మా. ముట్టుకోకూడదు" అంది సూరమ్మ.

ఆ పిల్లకు ఆ మాటా అర్థం కాలేదు. లోపలికి లాక్కెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది. కుంకుమ బరిణె తీస్తే, "మాకు లేదమ్మా, కిరస్తానీలం" అని సూరమ్మ తల అడ్డంగా ఊపింది. గోదాబాయి నవ్వి బరిణె పక్కన పెట్టేసింది. ఆవిడ కొంగు పరిచి, రెండు దోసిళ్ళ బియ్యం, కొబ్బరికాయ ఒళ్ళో పోసింది.

ఇంటికొచ్చి సూరమ్మ భర్త లాజరుతో అంది: "నా చేతుల మీద ఎంతమందో పుట్టారు. నా ఒళ్ళో గింజలు పోసింది ఆ పిల్లొక్కతే."

వంతెన పూర్తయ్యాక మేస్త్రీలు ఎవరి దేశాలకు వాళ్ళు బయల్దేరారు. గోదాబాయి బిడ్డను చంకనెత్తుకుని వచ్చి "యేతే, ఆయీ" అంది.

"ఏమంటంది?" అని సూరమ్మ పక్కనున్న జీవరాజును అడిగింది.

"వస్తానంటంది అత్తా. వాళ్ళూ మనలాగే, పోతానని అనరంట."

"అలాగే రా తల్లీ" అంది సూరమ్మ.

గోదాబాయి మళ్ళీ రాలేదు. బతికినన్నాళ్ళూ సూరమ్మ ఆదివారం గుడిలో దేవుడికి స్తోత్రం చెప్పేటప్పుడు, తన పిల్లల పేర్ల వెనకాల ఆ పేరు కూడా చెప్పుకునేది.