రైట్‌టైమ్ బాబాయి రాసిన టైములు

మా బాబాయి ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూసింది రెండే రెండుసార్లు. ఒకటి ఆయన పెళ్ళిలో, రెండోది కాలు విరిగినప్పుడు. మిగతా కాలమంతా కాలుగాలిన పిల్లే. ఊరి చివరి బస్టాండులో ఆయన కంట్రోలరు. బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని షీటులో రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించుకోవడం ఆయన పని. రేకుల గది, ఒక బల్ల, ఒక గోడ గడియారం, ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఎప్పుడు చూసినా ఆయన సంచి కూర్చుని ఉండేది. ఆయన మాత్రం గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతూ ఉండేవాడు.

డ్రైవర్లు ఆయన్ని రైట్‌టైమ్ గారు అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు అదేదో బిరుదు అనుకునేవారు. బిరుదూ లేదు, బూడిదా లేదు. ఎనిమిదీ పదికి రావాల్సిన బండి ఎనిమిదీ ముప్పైఅయిదుకి వచ్చినా ఆయన షీటులో ఎనిమిదీ పది అనే రాసేవాడు. డ్రైవరు కిందకి దిగి, నీళ్ళు తాగి, ఆయన చూపించిన చోట సంతకం గీకి వెళ్ళిపోయేవాడు. పంతొమ్మిదేళ్ళపాటు ఆ రూటులో ఒక్క బండి కూడా ఆలస్యంగా రాలేదు, కాగితం మీద.

నేను అదే రూటులో కండక్టరుని. కాగితం మీద అరవై నిమిషాల దారి. రోడ్డు సగం పార్కింగు చేసిన కార్లది, మిగతా సగంలో ఎవరో తవ్వి పూడ్చకుండా వదిలేసిన గొయ్యి. బస్సు ఆగాల్సిన చోట ఆటోలు ఆగుతాయి, బస్సు నడిరోడ్డు మీద ఆగుతుంది, వెనకాల ఊరంతా హారన్లు కొడుతుంది. ఎనభై అయిదు నిమిషాలు పడుతుంది. ఆ తిట్లన్నీ నాకే. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపన్నట్టు, జనం తిట్టినందుకు నాకు బాధ లేదు గానీ షీటు చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఆయన ఇలా రాయడానికి కారణం మా నాన్నే. నాన్న కూడా డ్రైవరు. ఒకరోజు బాబాయి ఉన్నదున్నట్టు ఇరవై నిమిషాలు లేటని రాశాడు. సొంత అన్నయితే మాత్రం ఏం, డ్యూటీ డ్యూటీయే అనుకునే వయసు. డిపో నుంచి నాన్నకి మెమో వచ్చింది. మర్నాడు ఆ మెమో జేబులో పెట్టుకుని తొందర తొందరగా తోలుతూ, ఒక పెద్దావిడ ఇంకా మెట్టు మీద ఉండగానే బండి కదిలించాడు. ఆవిడ తుంటి విరిగింది. నాన్న నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బాబాయి ఆ రోజు నుంచి ఎవరికీ లేటు రాయలేదు. "నేను రాసే పది నిమిషాలకి ఎవరి ఎముకలు విరగాలి?" అనేవాడు. 

ఈలోగా డిపోకి కొత్త ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, పనిమంతుడే, అదే వచ్చిన చిక్కు. అన్ని రూట్ల షీట్లూ తెప్పించి రాత్రీ పగలూ చదివాడు. చదివి, నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. మా రూటులో ఏడాది పొడుగునా ఒక్క ట్రిప్పు కూడా ఆలస్యం కాలేదు కాబట్టి, ఇక్కడ అవసరానికి మించి బండ్లున్నాయట. ఒకటో తారీకు నుంచి తొమ్మిది బండ్లలో మూడు తీసేసి, ఆలస్యాలు ఎక్కువున్న రూట్లకి పంపుతారట.

ఆసుపత్రిలో వార్డులు తుడిచే ఒకావిడ రోజూ నా బండిలోనే వస్తుంది. సంగతి విని నా టికెట్ల సంచి పట్టుకుని ఊపేసింది. "తొమ్మిది బండ్లుంటేనే గబ్బిలాల్లా వేలాడుతున్నాం. ఆరైతే మమ్మల్ని చక్రాలకి కడతావా, అమ్మాయ్? పది నిమిషాలు దాటితే మా మేస్త్రీ గేటు దగ్గర్నుంచే ఇంటికి పొమ్మంటాడు."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా బాబాయి ఇంటికి వెళ్ళాను. ఇల్లు బస్టాండు గోడ వెనకే. బాబాయి ముందుగదిలో పచార్లు చేస్తున్నాడు. పిన్ని గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"చూశావా బాబాయ్, నువ్వు రాసిన రైట్ టైములు ఏం చేశాయో?"

"చూశాను."

"చూసి?"

"చూసి ఏం చెయ్యమంటావు తల్లీ? ఇప్పుడు నిజం రాస్తే డ్రైవర్లందరికీ మెమోలు. రాయకపోతే మూడు బండ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"ఆ నుయ్యి తవ్విందీ నువ్వే, గొయ్యి తవ్విందీ నువ్వే."

"నోరు కాస్త అదుపులో పెట్టుకో," అంది పిన్ని నాతో. వెంటనే ఆయన వైపు తిరిగి, "మీరు కూడా కాస్త కూర్చోండి, నేల అరిగిపోతోంది. అయినా అదన్నదాంట్లో తప్పేముంది?" అంది.

ఆయన కూర్చోలేదు. నేను వచ్చేసేటప్పుడు కూడా నడుస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఉదయం మొదటి బండి నుంచే ఆయన, బండి వచ్చిన టైమే రాయడం మొదలుపెట్టాడు. ఎవరికీ ముందు చెప్పలేదు. మా డ్రైవరు షీటు చూసి కళ్ళు నులుముకున్నాడు. "గురువుగారూ, ఎనిమిదీ ముప్పైఆరు అని పడింది."

"ఎనిమిదీ ముప్పైఆరుకే వచ్చావుగా."

"రావడం రోజూ అప్పుడేగా! రాయడం కొత్త."

"సంతకం పెట్టు నాయనా."

నిజం రాస్తే పని అయిపోతుందనుకున్నాం, ఆయనా, నేనూ. ఎంత అమాయకులం! మూడో రోజు ఆఫీసరు జీపేసుకుని వచ్చి, షీట్లు బల్ల మీద విసిరాడు. అక్కడున్న డ్రైవర్లూ కండక్టర్లూ అందరం గది చుట్టూ మూగాం.

"నాటకాలాడుతున్నారా? నిన్నమొన్నటిదాకా అరవై నిమిషాల్లో వచ్చిన బండి, మూడు తీసేస్తామనగానే ఎనభై అయిదు ఎందుకైంది? కావాలని మెల్లగా నడుపుతున్నారు. అందరికీ మెమోలు ఇస్తున్నాను. బండ్లు మాత్రం ఒకటో తారీకున కదులుతాయి."

పంతొమ్మిదేళ్ళ అబద్ధం అతని కళ్ళకి నిజంలా ఉంది, మూడు రోజుల నిజం కుట్రలా ఉంది. అతన్ని ఏమనడానికీ లేదు. అతని స్థానంలో నేనున్నా అలాగే అనేదాన్ని.

బాబాయి నడక ఆపాడు.

"మెల్లగా నడపట్లేదు సార్. రోజూ ఇంతే పడుతుంది. ఇన్నాళ్ళూ నేనే తప్పు రాశాను."

"ఎన్నాళ్ళు?"

"పంతొమ్మిదేళ్ళు."

ఆఫీసరు నవ్వాడు. వీళ్ళని కాపాడ్డానికి ముసలాయన తల తాకట్టు పెడుతున్నాడనుకున్నాడు. బాబాయికి కోపం రావడం అప్పుడే చూశాను. "నా మాట నమ్మొద్దు సార్. షీటూ నమ్మొద్దు. అదిగో బండి. ఎక్కండి, జీపులో కాదు."

ఎక్కాడు, అది మాత్రం మెచ్చుకోవాలి. నా బండే. రెండో స్టాపుకి అతను ముందు తలుపు నుంచి మధ్యకి వచ్చాడు, నాలుగో స్టాపుకి ఎవరిదో క్యారేజీ అతని వీపులో దిగింది. ఆరో స్టాపులో నలభైమంది చేతులెత్తారు, ఎక్కింది ఏడుగురు. గొయ్యి దగ్గర పదకొండు నిమిషాలు కదల్లేదు. అతను గడియారం చూసుకుందామనుకున్నాడు గానీ చెయ్యి పైకి తీయడానికి చోటు లేక ఎవరినో టైము అడిగాడు. చివరి స్టాపులో దిగేసరికి ఎనభై ఎనిమిది నిమిషాలు. చొక్కా గుండీ ఒకటి పోయింది. చాలాసేపు రోడ్డు పక్కనే నిలబడి మంచినీళ్ళు తాగాడు.

తొమ్మిది బండ్లూ ఉండిపోయాయి. మెమోలు రాలేదు. కొత్త టైము కోసం పైకి ఫైలు పంపాడు, అది ఇంకా నడుస్తోంది, మా బండ్ల కన్నా నెమ్మదిగా. కానీ అబద్ధపు షీట్లకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా. బాబాయి చేత సంజాయిషీ రాయించుకున్నారు. ఆ కాగితం నేను చదివాను. టైములన్నీ తనొక్కడే మార్చానని, తాము దేని మీద సంతకం పెడుతున్నారో డ్రైవర్లకి తెలియదని రాశాడు. తెలియకేం! అందరికీ తెలుసు, మా నాన్నకి అందరికన్నా బాగా తెలుసు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమా వచ్చింది.

కంట్రోలరు గది నుంచి తీసేసి, ఊరికి ఆ చివరున్న పెద్ద డిపోలో టైరు స్టోరుకి వేశారు. తొమ్మిదింటికల్లా అక్కడ ఉండాలి. గోడ దూకితే ఆఫీసు అన్నట్టు బతికిన మనిషి, జీవితంలో మొదటిసారి పొద్దున్నే మా బండెక్కాడు. ఏడూ ఇరవైకి కదలాల్సిన బండి ఏడూ యాభైకి కదిలింది. కూర్చోవడానికి కాదు కదా, రెండో కాలు ఆన్చడానికి కూడా చోటు దొరకలేదు. ఎవరి మోచెయ్యో ఆయన మెడ మీద, ఆయన సంచి ఎవరి ఒళ్ళోనో. నేను టికెట్లు కొడుతూ రెండుసార్లు ఆయన్ని దాటాను. ఆసుపత్రి స్టాపులో ఆ వార్డులు తుడిచే ఆవిడ జనంలోంచి గింజుకుని దిగి, చెప్పు ఒకటి బండిలోనే వదిలేసి గేటు వైపు పరుగెత్తడం చూశాడు.

డిపో దగ్గర దిగుతూ మెట్టు మీద ఆగాడు. "అమ్మలూ, ఇన్నాళ్ళూ వీళ్ళు ఇలాగే వెళ్ళారా?"

"ఇలాగే, బాబాయ్."

జాలిపడి ఇంకేదైనా చెప్పి ఉండాల్సింది. ఆ నిమిషంలో నాకు జాలి కలగలేదు. డబుల్ బెల్లు కొట్టాను, బండి కదిలింది.

తరవాత పిన్ని చెప్పింది. స్టోరుకి చేరేసరికి ఆయన పదిహేడు నిమిషాలు లేటు. హాజరు పట్టీ దగ్గర గుమాస్తా పాత పరిచయస్తుడే, రైట్‌టైమ్ గారి చలవ వల్ల ఒకప్పుడు వాళ్ళ తమ్ముడు డ్రైవరు ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. కలం పట్టుకుని, "మీకు ఎంత రాయమంటారండీ?" అని మెల్లగా అడిగాడట.

"వచ్చిందే రాయి," అన్నాడట బాబాయి.