జానీ బాషా బెల్టుల తనిఖీ

జానీ బాషాకి ఉన్న చాదస్తం ఒక్కటే. కట్టినదాన్ని మళ్ళీ చూసుకోవాలి. చూసుకున్నదాన్ని ఇంకోసారి లాగి చూసుకోవాలి. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఒకరి మాట ఇంకొకరికి మోసే అలవాటు అసలే లేదు. దుబాయ్ అల్ కుసైస్‌లో తెలుగువాళ్ళని ఎవర్ని కదిపినా ఆయన గురించి ఒకే మాట చెప్పేవారు. "చాలా మంచాయనండీ. కానీ ఆయన కారు మాత్రం ఎక్కకండి. ఊరు చేరరు."

ఈ తిప్పలన్నీ కారు వల్ల కాదు, కారు వెనకాల వేలాడే మోటారుసైకిలు వల్ల. బాషాది నరసరావుపేట. దుబాయ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో బిల్డింగుల ప్లాన్లు గీసే సెక్షన్‌కి పెద్ద. యాభై దగ్గరపడి, పొట్ట ప్యాంటు దాటి బయటికొచ్చాక, ఆయనకి ఎడారి ఇసకలో మోటారుసైకిలు తోలాలని బుద్ధి పుట్టింది. ఆ ఇసక బండికి నంబరు ఉండదు, దాన్ని రోడ్డెక్కించనివ్వరు. ఇసక దాకా మోసుకెళ్ళాలి, మళ్ళీ మోసుకురావాలి. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజినీరు దగ్గర బండితో పాటు దాన్ని మోసే సరంజామా కూడా దొరికింది. కారు బంపరు కింద ఒక చదరపు గొట్టం. అందులోకి దూర్చి పిన్ను వేసే లావుపాటి ఇనప కమ్మీ. ఆ కమ్మీకి అడ్డంగా, బండి చక్రాలు కూర్చునేందుకు పొడుగాటి తొట్టి లాంటి క్యారియర్. బండిని నాలుగువైపులా లాగి పట్టుకునే బిగింపు బెల్టులు. బండి ఎక్కించగానే ఆయన పాత పజేరో వెనక కుంగి, ముక్కు పైకెత్తి ఆకాశం చూసేది.

"ఇదేంటండీ, గేదె తోకకి దూడని కట్టినట్టు!" అంది ఆయన భార్య రజియా బేగం మొదటిసారి చూసి.

"దూడ కాదు బేగం. గుర్రం."

"గుర్రమైతే మిమ్మల్ని అది మోయాలి. దాన్ని మీరు మోస్తున్నారేంటి?"

ఇసకలో ఆయన స్వారీ చూసి తీరాల్సిందే. దిబ్బ ఎక్కేటప్పుడు బండీ ఆయనా కలిసే ఎక్కేవారు. దిగేటప్పుడు మాత్రం బండి ఒక దారిన, ఆయన ఒక దారిన దిగేవారు. చెవుల్లోంచి ఇసక దులుపుకుంటూ లేచి, "ఈసారి కాస్త మెరుగు కదా?" అని అందర్నీ అడిగేవాడు. అందరూ అవుననేవారు. కాదంటే మళ్ళీ ఎక్కి చూపిస్తాడని భయం.

2005 చలికాలంలో, వాళ్ళ పై ఫ్లాట్‌లోకి వీరరాఘవరావు, కామాక్షి దంపతులు దిగారు. రావుగారిది కాకినాడ. షిప్పింగ్ కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. ఇస్త్రీ చెడని చొక్కా, తడబడని మాట. ఆడవాళ్ళిద్దరికీ మెట్ల మీదే స్నేహం కుదిరిపోయింది. "వదినా" అంటే "వదినా" అనుకున్నారు. దాంతో శుక్రవారం వచ్చిందంటే నలుగురూ పజేరోలో ధైద్ ఇసకకి వెళ్ళడం, బాషాగారు కాసేపు పడి లేచాక కొండల దారిన ఖోర్ ఫక్కాన్ వెళ్ళి సముద్రం ఒడ్డున చేపల భోజనం చేసి రావడం మామూలైంది.

మొదటి ప్రయాణంలోనే రావుగారికి బాషా చాదస్తం తెలిసొచ్చింది. షార్జా దాటారో లేదో, కారు ఒక పెట్రోలు బంకులోకి తిరిగింది.

"పెట్రోలు కొట్టించాలా బాషాగారూ?"

"పెట్రోలుకేం, నిండుగా ఉంది. ఒక్క నిమిషం రావుగారూ, బెల్టులు చూసొస్తా."

దిగాడు. ఒక్కో బెల్టు పట్టుకుని లాగాడు. వేలితో మీటి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. బండి హ్యాండిల్ పట్టుకుని ఊపాడు. ఊగలేదు. ఎందుకు ఊగలేదా అని ఇంకోసారి ఊపాడు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సీటు మీద చరిచి, "ఖలాస్! ఇక అమెరికా దాకా పోవచ్చు" అని వచ్చి కూర్చున్నాడు. అమెరికా దాకా పోలేదు. ధైద్ రాకముందే ఒక మసీదు పక్కన ఆగాడు. ఇసక దగ్గర్నుంచి బయల్దేరాక ఒక టీ కొట్టు దగ్గర, ఆ తర్వాత మసాఫీ సంతలో తివాచీల కొట్ల ముందు.

"ఏమండీ, తాళ్ళేమైనా పాములా, జారిపోవడానికి?" అన్నాడు రావుగారు విసుగ్గా. "ఇందాకే కదా చూశారు!"

"ఇందాకటిది ఇందాకటి రోడ్డుకండీ. ఇది వేరే రోడ్డు."

"రోడ్డు మారితే ముడి మారుతుందా?"

"గతుకు మారుతుంది కదండీ."

రావుగారు కారు దిగి, "నడుం పట్టేసింది. అలా నాలుగడుగులు వేసొస్తా" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆయన మొహం తేటగా ఉండేది. విసుగు మాత్రం మాటలో అలాగే ఉంచుకునేవాడు.

అసలు సంగతేమిటంటే, వీరరాఘవరావుకి షుగరు. ఆ విషయం కామాక్షికీ డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదని ఆయన గట్టి నమ్మకం. షుగరు వచ్చినందుకు ఆయనకి పెద్ద బాధ లేదు. అది ఊరికూరికే ఒంటికి పరిగెత్తిస్తోందే, అదీ ఆయన భరించలేకపోయింది. తోవలో కారు ఆపమని అడగడం చంటిపిల్లల పని, మేనేజర్ల పని కాదని ఆయన ఉద్దేశం. అడగాల్సి వస్తే ఆ ప్రయాణమే మానుకునేవాడు. ఆఫీసు వాళ్ళు అబుదాబి మీటింగుకి వ్యాన్‌లో వెళ్తుంటే ఏదో ఒక జ్వరం తెచ్చుకునేవాడు. ఈ బాషా కారులో మాత్రం, ఏం చిత్రమో, అడిగే అవసరమే రాలేదు. సరిగ్గా ఆయన పళ్ళు బిగించే వేళకి బాషాకి బెల్టుల మీద అనుమానం పుట్టేది. "అదృష్టవంతుణ్ణి. పిచ్చివాడి పక్కన పడ్డాను" అనుకునేవాడు రావుగారు లోలోపల.

ఒకసారి ఫుజైరా దారిలో పోలీసు ఆపాడు. బండి చాటున కారు నంబరు ప్లేటు కనబడటం లేదట. బాషా దిగి, మూడు భాషలు కలిపి బెల్టుల కథ మొదలుపెట్టాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ కుర్ర పోలీసు తనే వంగి ఒక బెల్టు లాగి చూశాడు. రెండోది లాగాడు. మూడోది బాషా లాగమన్నాడు. "తమామ్!" అని మెచ్చుకుని, నంబరు కనబడేలా ఇంకో ప్లేటు తగిలించుకోమని చెప్పి పంపేశాడు.

"మీ చాదస్తం అంటించేశారు కదండీ, పాపం ఆయనక్కూడా!" అన్నాడు రావుగారు. కారంతా నవ్వులు.

ఆ నవ్వుల రుచి మరిగి, కార్తీకమాసం వనభోజనాల్లో రావుగారు ఇంకో అడుగు ముందుకేశాడు. పార్కులో తెలుగువాళ్ళంతా పులిహోర తిని చతికిలబడి ఉన్నారు. ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీకి రజియా చున్నీ కట్టి, దాన్ని లాగి, మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "రోడ్డు మారింది బేగం! మళ్ళీ చూసొస్తా!" అంటూ కుర్చీ చుట్టూ తిరిగాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది బాషాయే.

"బ్రహ్మాండం రావుగారూ! కానీ ఎడంపక్క బెల్టు మర్చిపోయారు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ రోజుతో బాషా బెల్టుల కథ అల్ కుసైస్ అంతా పాకింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి బాషా ఆఫీసులో పనిచేసే అనీష్ అనే కుర్రాడు లిఫ్టు దగ్గర కలిశాడు. ముందు రోజు బాషాతో ఇసకకి వెళ్ళొచ్చానన్నాడు.

"పాపం, ఎన్నిసార్లు ఆపాడు?" అన్నాడు రావుగారు సానుభూతిగా.

"ఆపడమా? అసలు ఆపితేగా అంకుల్! ఆకలేసి సమోసాకి ఆపమంటే, ధైద్ దాకా ఓర్చుకో అన్నారు. ఇంటి దగ్గర కడితే ఇసకలోనే విప్పారు."

"బెల్టులు చూడలేదూ?"

"అద్దంలోంచి కూడా చూడలేదు."

లిఫ్టు వచ్చి వెళ్ళిపోయింది. రావుగారు అక్కడే నిలబడిపోయాడు. అనీష్ ఉంటే ఆగని కారు తనుంటే ఎందుకాగుతోంది? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. చిక్కక చిక్కక ఒక సమాధానం చిక్కింది. అది చిక్కగానే ఆయన మొహం కందిపోయింది.

"నేను లావని!" అన్నాడు భార్యతో. "అర్థమైందా? నేను వెనక సీట్లో కూర్చుంటే కారు వెనక్కి కుంగుతోంది. కుంగితే క్యారియర్ నేలకి రాసుకుంటుందని ఆయన భయం. మొహమాటానికి బెల్టుల పేరు చెబుతున్నాడు."

కామాక్షి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "అయినా కావచ్చు" అంది.

మర్నాటి నుంచి అన్నం మానేసి చపాతీ. సాయంత్రం పార్కు చుట్టూ నడక. ఆ వచ్చే శుక్రవారం, "నేను ముందు కూర్చుంటా, దారి చూడాలనుంది" అని రజియాని వెనక్కి పంపి ముందు సీటు ఎక్కాడు. ఆయన బరువుకి కారు వెనక కుంగలేదు. అయినా కారు ఆగడం తగ్గలేదు. పైగా ఇప్పుడు, ఆయన ఇలా కాలు మీద కాలు మార్చి వేసుకున్నాడో లేదో, బాషా అలా పక్కకి తిప్పేస్తున్నాడు. రావుగారికి మళ్ళీ మొదటికొచ్చింది.

అంతలో ఒక గండం వచ్చిపడింది. దిబ్బ దిగడంలో బాషా ఏదో కొత్త పద్ధతి కనిపెట్టాడు. దాంతో మోటారుసైకిలు షార్జాలో షెడ్డుకి చేరింది. "బండి లేకపోతేనేం? శుక్రవారం సముద్రానికి వెళ్దాం" అన్నారు ఆడవాళ్ళు.

రావుగారు లెక్క వేసుకున్నాడు. బండి లేదు. బండి లేకపోతే బెల్టుల్లేవు. బెల్టుల్లేకపోతే కారు ఆగదు! తల నొప్పన్నాడు. కామాక్షి మాత్ర ఇచ్చింది. ఆఫీసు పనుందన్నాడు. "శుక్రవారం నాడా?" అంది. ఆ రోజు పొద్దున్నించీ ఆయన కాఫీ తాగలేదు, మంచినీళ్ళ వంక చూడలేదు. ఉరికంబం ఎక్కుతున్నవాడిలా ముందు సీటు ఎక్కాడు. ఖాళీ క్యారియర్ ఊడదీసే ఓపిక లేక బాషా దాన్ని అలాగే ఉంచేశాడు.

కారు బయల్దేరింది. నీళ్ళు మానేసినంత మాత్రాన షుగరు ఊరుకుంటుందా? షార్జా దాటేసరికి కబురు తెలిసింది. రావుగారు కాలు మీద కాలు వేశాడు. కాలు మార్చాడు. కిటికీలోంచి ఒంటెల్ని లెక్కపెట్టబోయాడు, ఒక్క ఒంటె కూడా దొరకలేదు. వెనక ఆడవాళ్ళు చేపల పులుసులో మామిడికాయ వెయ్యచ్చా కూడదా అని వాదించుకుంటున్నారు. 'పులుసు' అన్న మాట కూడా ఆయన వినలేకపోయాడు. నుదుట చెమట పట్టింది. ఇక అడగాల్సిందే. నోరు తెరిచాడు. మాట రాలేదు. మూశాడు.

కారు నెమ్మదించింది. ధైద్ అవతల పెట్రోలు బంకులోకి తిరిగింది.

"ఒక్క నిమిషం రావుగారూ. బెల్టులు చూసొస్తా."

రావుగారు వెనక్కి తిరిగి ఖాళీ తొట్టి వంక చూశాడు.

"బండే లేదు కదండీ!" అన్నాడు రావుగారు.

"ఖాళీదని వదిలేస్తామా? ఖాళీదే ఎక్కువ ఊగుతుంది" అని బాషా దిగి వెళ్ళిపోయాడు.

రావుగారు ఆలోచించే స్థితిలో లేడు. పరిగెత్తాడు. పని ముగించుకుని, బతికి బయటపడి, బంకు వెనక బాత్రూమ్ గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూ అటు చూశాడు. దూరంగా జానీ బాషా ఖాళీ తొట్టి ముందు వంగి ఉన్నాడు. తొట్టికి వేలాడుతున్న, ఏమీ కట్టని బెల్టుని లాగుతున్నాడు. మీటుతున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. అంతసేపూ వీపు మాత్రం బాత్రూమ్ వైపే ఉంచాడు, పొరపాటున కూడా ఇటు తిరగలేదు.

అప్పుడు తట్టింది రావుగారికి. బంకు. మసీదు. టీ కొట్టు. మసాఫీ సంత. ఆ బెల్టులు ఏనాడూ ఉత్త ఎడారిలో వదులు కాలేదు. వదులైన ప్రతిసారీ పక్కనే ఒక బాత్రూమ్ ఉంది.

నెమ్మదిగా నడిచి వెళ్ళి క్యారియర్ పక్కన నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసు బాషాగారూ?"

"ఏంటండీ?"

"చాల్లెండి. ఇంక ఆ బెల్టు వదలండి."

బాషా బెల్టు వదిలేశాడు. మొహం చూస్తే తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు. "మొదటి రోజేనండీ. షార్జా ట్రాఫిక్‌లో అద్దంలో చూశా, మీరు కాళ్ళు మార్చుకోవడం. మా నాన్నకీ అంతే. బస్సు ఆపమని కండక్టర్ని అడగలేక పెళ్ళిళ్ళకే రావడం మానేశాడు. మీరూ శుక్రవారాలు మానేస్తారేమోనని..."

"మరి మీ బెల్టులు?"

"నేను ఒకసారి కట్టానంటే కదలవండీ" అన్నాడు బాషా కాస్త పౌరుషంగా.

"ఊరంతా మిమ్మల్ని పిచ్చోడంటున్నారు కదండీ! నేనైతే కుర్చీకి చున్నీ కట్టి మరీ..."

"అది మాత్రం భలే చేశారండీ" అన్నాడు బాషా మళ్ళీ నవ్వేస్తూ. "నేను దాన్ని మా ఆఫీసులో కూడా చేసి చూపించా."

రావుగారు బాషా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసేశాడు. ఇద్దరూ వచ్చి కారెక్కారు. కొండలు మొదలయ్యాయి.

మసాఫీ దగ్గరపడింది. రావుగారు కాలు మీద కాలు వేసుకున్నాడు. బాషా చెయ్యి ఇండికేటర్ మీదికి పోయింది.

"ఉండండి" అన్నాడు రావుగారు. గొంతు సవరించుకున్నాడు. మేనేజరు గొంతుతో, వెనక సీటుకి కూడా వినపడేలా అన్నాడు. "బాషాగారూ, నాకు షుగరు. బాత్రూమ్‌కి వెళ్ళాలి. కాస్త కారు ఆపండి."

 వెనక సీట్లోంచి కామాక్షి పెద్దగా ఊపిరి వదిలింది.

"అమ్మయ్య! అడిగారు! నాకూ ఎప్పట్నుంచో వెళ్ళాలండీ, ఎలా అడగాలా అని చస్తున్నా."

"నువ్వూనా వదినా?" అంది రజియా. "నేను షార్జా నుంచి! బంకులో అందరూ మగాళ్ళేనని దిగలేదు."

సంత వెనకాల ఉన్నది ఒక్కటే బాత్రూమ్. కారు పూర్తిగా ఆగకముందే తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళిద్దరూ చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తారు. రజియా ముందు, కామాక్షి వెనక.

రావుగారు తివాచీల పక్కన నిలబడి కాలు మీద కాలు మార్చుకుంటున్నాడు.

"నోరు తెరిచి అడిగినందుకు చూశారా రావుగారూ," అన్నాడు జానీ బాషా కారులోంచి తల బయటపెట్టి, "ఇప్పుడు లైన్లో మీరే ఆఖరు."

రావుగారికి నవ్వు ఆగలేదు. ఆ పరిస్థితిలో నవ్వడం ఎంత ప్రమాదమో తెలిసి కూడా నవ్వుతూనే ఉన్నాడు.