తొంభై ఏడు కాడ

మా లెక్కల మాస్టారు కారణాంకాన్ని కారణం అనే అనేవారు. ఫలానా సంఖ్యకు కారణాంకాలు లేవని ఎవరైనా చెబితే చాలు, ఆయనకు ఒళ్లు మండేది. "కారణం నేదా, నువ్వు ఎతకడం మానీసినావా?" అనేవారు.

పలాస హైస్కూల్లో ఒకరోజు బోర్డు మీద పది లక్షల ఒకటి వేసి నన్ను పిలిచారు. రెండు, మూడు, ఐదు, ఏడు అంటూ వరసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ తొంభై ఏడు దాకా వెళ్లాను. ప్రతిసారీ శేషం మిగిలింది. చెయ్యి నొప్పెట్టి, "ఇదీ ప్రధాన సంఖ్యే మాస్టారూ" అన్నాను. ఆయన ఆ తర్వాతిది, నూట ఒకటి తీసుకుని భాగించారు. శేషం సున్నా.

"ఒక్క అడుగమ్మా! తొంభై ఏడు కాడ ఆపీసినావు."

చాలా ఏళ్లకు, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి నీళ్ల నమూనాలు పట్టే ఉద్యోగంలో జీడితోటల మధ్య ఉన్న మాస్టారి ఊరు వెళ్లాను. మాస్టారు డయాలసిస్ చేయించుకొచ్చి మంచం మీద పడుకున్నారు. ఆసుపత్రి కాగితం నా చేతికిచ్చారు. జబ్బుకు కారణం తెలియదని రాసుంది.

"మీవోళ్లు నీళ్లన్నీ సూసినారా?"

"చూశాం మాస్టారూ. ఏమీ దొరకలేదు. ఈ వారంతో పని ఆపేస్తున్నాం."

ఆపమన్నది పైవాళ్లే. మారుమాట లేకుండా సంతకం పెట్టింది మాత్రం నేను.

ఆయన తిట్టలేదు. ఉబ్బిన కాళ్లు మెల్లగా దగ్గరకు లాక్కుని, నా ముఖంలోకి చూశారు.

"మళ్లీ తొంభై ఏడు కాడేనా అమ్మా?"