బాత్రూంలో గడిచిన ఫుట్‌బాల్ సీజన్

అమెరికాలో మాస్టర్స్ చదివే రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. మా కాలేజీ టీమ్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, అర్థమయ్యేది నా ఒక్కడికే. క్లాస్‌మేట్‌ని బతిమాలి మరీ రూల్స్ నేర్చుకున్నాను. మిగతా ముగ్గురూ దాన్ని క్రికెట్ చూసినట్టే చూసేవాళ్లు, అంటే సెంటిమెంట్లతో.

సీజన్ మొదటి మ్యాచ్‌లో మనవాళ్లు ఓడిపోతుంటే టీవీలో చూడలేక బాత్రూంకి వెళ్లాను. అంతే, టచ్‌డౌన్! మనవాళ్లకి ఒక్కసారే ఆరు పాయింట్లు! బయటికొచ్చేసరికి ముగ్గురూ గంతులేస్తున్నారు. "నువ్వు మళ్లీ లోపలికి పోరా!" అంటూ నన్ను తోసి తలుపేశారు. మ్యాచ్ గెలిచాం. నా ఖర్మ ఖరారైంది.

ఇక ప్రతి మ్యాచ్‌కీ వాళ్లు సోఫాలో మిర్చి బజ్జీలు తింటుంటే, నేను బకెట్ బోర్లేసుకుని కూర్చుని అరుపులు వినేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "బంతి ఎవరి దగ్గరుందిరా?" అని అరిస్తే, "మాకేం తెలుసు? నువ్వు కదలకు!" అనేవాళ్లు. టీమ్ గెలుస్తూనే ఉంది, ఏమని వాదించను?

ఆఖరి మ్యాచ్ ఓడిపోయాం. తలుపు తెరుచుకుంది. బంతి నేనే జారవిడిచినట్టు ముగ్గురూ నన్ను గుడ్లురిమి చూస్తున్నారు.

"నిజం చెప్పు," అన్నాడొకడు. "లోపల సరిగ్గానే కూర్చున్నావా?"